శివడీ ఒడ్డున దశమి సాయంత్రం

ముంబై పరేల్‌లో ఇన్నేండ్లున్నా, పక్కనే ఉన్న శివడీ బురద ఒడ్డుకు ఫ్లెమింగో పక్షులొస్తాయని పని బందైనంకనే చూసిన. సెకండ్ పాళీ చేసేటోనికి సాయంత్రం ఎక్కడిది?

మొన్న దశమి నాడు మనుమడి ఫోను పట్టుకొని పోయిన. దశమే ఎందుకంటే, ఇక్కడి కోళీ జాలర్లకు ఒక లెక్కుంది. తిథి అంకెలో ముప్పావు వంతే పోటు నిండే గంట. పదికి ఏడున్నర. ఐదున్నరకు నీళ్లు ఎక్కుతుంటే దూరంగా ఉన్న పక్షులు మెల్లగా ఒడ్డు దిక్కు జరుగుతయి.

దాదర్ చౌపాటీలో సాయంత్రం పొద్దు ఎదురుగా ఉంటది, ఫోటోల పక్షులు నల్లగా పడతయి. శివడీ తూర్పు ఒడ్డు. పొద్దు మన వీపు వెనక ఉంటది, వెలుగంతా పక్షుల మీదనే. రెక్కల గులాబి రంగు మెరుస్తది.

ఆశకొద్దీ బురద అంచుదాకా దిగిన. గుంపంతా ఒక్కసారే లేచిపోయింది. వల సర్దుకుంటున్న కోళీ ముసలాయన, "భావూ, అవి తింటున్నయి, తిననియ్యి" అన్నడు. సిగ్గైంది. అవి తల కిందికి వంచి, ముక్కుతో బురదనీళ్లు వడకట్టుకొని తింటయి. మన తిండి సుట్టీల జాబర్ వచ్చి లేపితే మనకెట్లుండేది?

వెనక్కొచ్చి కదలకుండా కూసున్న. అరగంటకు వాటంతట అవే వచ్చినయి. పొద్దు గూకే ముందు నాలుగు ఫోటోలు తీసిన. రెండు మసక, రెండు బాగొచ్చినయి.

ఇంటికొచ్చి చూపిస్తే మా ఆమె, "ఇంత దగ్గరుంటే నన్నెన్నడూ తోలుకపోలేదేంది?" అన్నది.

వచ్చే దశమికి ఇద్దరం పోతున్నం. మీరూ రాండ్రి. బురదలకు మాత్రం దిగకుండ్రి.