చలిపొద్దున నెమళ్ళ పార్కులో...

మార్గశిరంలో పొద్దున్నే దుప్పటి వదలడం ఎంత కష్టమో మనకి తెలియనిదా! అయినా మొన్న మా అత్తయ్యగారిని బలవంతాన లేపి, హైదరాబాద్ జూబిలీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి పార్కుకి తీసుకెళ్ళాను. మామయ్యగారు పోయినప్పటి నుంచి ఆవిడ గుమ్మం దాటలేదు మరి.

1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఈ అడవి, నగరం మధ్యలో 350 ఎకరాలకు పైనే ఉంది. చెట్లు, బండరాళ్ళ మధ్య మట్టిదారి. శాలువా, కాన్వాసు బూట్లు ఉంటే చాలు. ఎండ మండదు కనుక ఎంత నడిచినా అలసట తెలియదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మాత్రం కాస్త ఎండ పొడిచాక బయల్దేరడం మంచిది.

అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడుస్తున్నారు. మలుపులో మగనెమలి కనిపించింది.

"పింఛం ఏదే అమ్మాయ్?"

"వానలు వెళ్ళాక రాలిపోతుందిట అత్తయ్యా. ఎండాకాలానికి మళ్ళీ పెరుగుతుందిట."

ఆవిడ చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డారు. తర్వాత నా చెయ్యి వదిలి, ముందుకి నడిచారు.

ఇంటికొచ్చి అల్లం టీ అందిస్తుంటే, "రేపు ఎన్నింటికి లేవాలే?" అని అడిగారు!

మీ ఊళ్ళోనూ ఇలాంటి చోటు ఉండే ఉంటుంది. చలి పోకముందే వెళ్ళి రండి. ఇంట్లో ఎవరైనా మూల కూర్చుని ఉంటే వాళ్ళనీ తీసుకెళ్ళండి.