నలుపు వేరు, చలువ వేరు

మే నెల మధ్యాహ్నం కారులో విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లడమంటే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. సుత్తి దెబ్బలు, వెల్డింగు మెరుపులు దాటుకుంటూ వెళ్లి, అద్దాలకు ఫిల్ము వేసే ఒక షెడ్డు ముందు బండి ఆపాను. సెకండ్‌హ్యాండులో కొన్న కారు. పాత యజమాని పక్క అద్దాలన్నింటికీ వేయించిన నల్ల ఫిల్ము ఊదారంగుకి తిరిగి, బుడగలు లేచింది. రాత్రిపూట రివర్సు చేయాలంటే అద్దం దించి తల బయటపెట్టాల్సిందే.

"ఇది పీకేసి ఇంకా నల్లది వేయండి. లోపల ఉడికిపోతున్నాం" అన్నాను.

మేస్త్రి నవ్వాడు. "నలుపు కావాలా సార్, చలువ కావాలా?"

బల్ల మీద ఎర్రగా మండే హీట్ ల్యాంపు, దాని ముందు రెండు గాజు పలకలు. ఒకదానికి చవక నల్ల ఫిల్ము, రెండోదానికి ఉందో లేదో తెలియని సిరామిక్ ఫిల్ము. నల్లదాని వెనక అరచెయ్యి పెట్టి, కాసేపటికే తీసేశాను. రెండోదాని వెనక హాయిగానే ఉంది. ఎండ మోసుకొచ్చే శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. రంగు పూసిన ఫిల్ము ముఖ్యంగా వెలుతురును ఆపుతుంది. సిరామిక్ వెలుతురును వదిలి, ఆ కిరణాలను ఆపుతుంది.

తర్వాత లెక్క చెప్పాడు. నల్ల ఫిల్ము ఊడదీసి, వట్టి అద్దానికి మీటరు తగిలిస్తే 74 చూపించింది. అంటే 26 శాతం వెలుతురు అద్దమే మింగేస్తోంది. దానిమీద 50 శాతం ఫిల్ము వేస్తే లోపలికొచ్చేది 37 శాతమే. 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల ప్రకారం పక్క అద్దాల్లోంచి 50 శాతం, ముందూ వెనకా 70 శాతం వెలుతురు దాటాలి. 70 శాతం ఫిల్ము వేస్తే దాదాపు 52 వస్తుంది.

"అసలు ఫిల్మే వద్దన్నారుగా?" అడిగాను. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఏ శాతం ఫిల్మూ అతికించకూడదంది. తర్వాత నిబంధన సవరించి 'సేఫ్టీ గ్లేజింగ్' అన్న మాట చేర్చారు; లోపలివైపు ప్లాస్టిక్ ఫిల్ము ఉన్న గాజూ అందులోకి వస్తుంది. దాని ఆధారంగా, ప్రమాణాలకూ ఈ పరిమితులకూ లోబడిన ఫిల్ము తప్పు కాదని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు చెప్పింది.

"అది కేరళ తీర్పు సార్. ఇక్కడ రోడ్డు మీద ఆపితే వాదించుకోవాల్సింది మీరే. బిల్లూ సర్టిఫికెట్టూ బండిలో ఉంచుకోండి" అన్నాడు.

పని మొదలయ్యాక దుమ్ము లేవకుండా నేల తడిపాడు, ఫ్యాను కట్టేశాడు. అద్దం మీద బేబీ షాంపూ కలిపిన నీళ్లు చల్లి, ఫిల్ము పరిచి, వంపు తిరిగినచోట హీట్ గన్‌తో లొంగదీస్తూ, రబ్బరు పట్టీతో నీళ్లన్నీ అంచులకు నెట్టాడు. వెనక అద్దం జోలికి మాత్రం పోలేదు. "నాలుగు రోజులు అద్దాలు దించకండి, అంచులు లేస్తాయి" అన్నాడు.

ఆ రాత్రి మా సందులో రివర్సు చేస్తూ అలవాటుగా బటన్ మీద వేలు పెట్టాను. మేస్త్రి మాట గుర్తొచ్చి ఆగాను. దించే పనే లేదు. పక్క గోడా, గోడకి ఆనించిన పిల్లల సైకిలూ అద్దంలోంచే కనిపిస్తున్నాయి.