సెలవులకు వెళ్ళే ముందు నీటి ట్యాంకు మాట

వేసవి సెలవులు రాగానే సూరత్‌లోని మన తెలుగు కుటుంబాలు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్లు, విజయవాడల దారి పడతాయి. తాళం వేశామా, గ్యాస్ కట్టామా అని రెండుసార్లు చూసుకుంటాము. మేడమీది ట్యాంకులో నిలిచిపోయే నీటిని తలచుకునేవారు అరుదు.

అమెరికా వంటి దేశాలలో ఇల్లులా అమర్చిన మోటారు వాహనాలు ఉన్నవారు చలికాలానికి ముందు వాటి గొట్టాలలోని నీటిని పూర్తిగా తీసివేస్తారు. గడ్డకట్టే నీరు సుమారు 9 శాతం వ్యాకోచించి గొట్టాలను పగులగొడుతుంది. సూరత్‌లో మంచు భయం లేదు. ఇక్కడి శత్రువు దోమ. వెచ్చని నిలువ నీటిలో దోమ గుడ్డు సుమారు పది రోజులలో రెక్కలు తొడుగుతుంది. డెంగ్యూను వ్యాపింపజేసే ఏడిస్ దోమ గుడ్లు నీరు ఎండినా నెలల తరబడి జీవించగలవు.

కొంతకాలం క్రితం మా భవనంలో వరుసగా మూడు ఇళ్ళలో డెంగ్యూ సోకింది. మా అమ్మగారు తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. వెదకగా, తాళం వేసిన ఒక ఇంటివారి ట్యాంకు మూత తొలగి, నీటిలో లార్వాలు కదలాడుతూ కనిపించాయి. నాటినుండి ఈ పనిని మేము స్వయంగా చేసుకుంటున్నాము.

బయలుదేరే ముందు ట్యాంకులోనికి నీరు వచ్చే వాల్వు కట్టివేసి, కుళాయిలన్నీ తెరుస్తాము. ఎత్తులోని కుళాయి కూడా తెరిస్తేనే గాలి చొరబడి గొట్టం ఖాళీ అవుతుంది. గీజరును స్విచ్చి ఆపి, చల్లారిన తరువాత ఖాళీ చేస్తాము. ట్యాంకు గోడలను పొడవాటి బ్రష్షుతో రుద్ది, మూత బిగించి, పొంగు గొట్టానికి సన్నని వల కడతాము. స్నానాల గది జాలీ కింద నిలిచే నీరు మాత్రం ఉండనివ్వాలి. అది దుర్గంధాన్ని, బొద్దింకలను అడ్డుతుంది. అది ఆవిరైపోకుండా జాలీపై ప్లాస్టిక్ పట్టా పరచి బరువు పెడతాము.

తిరిగి వచ్చాక ట్యాంకు నింపి, వెయ్యి లీటర్లకు 25 శాతం క్లోరిన్ గల బ్లీచింగ్ పౌడరు 200 గ్రాముల లెక్కన బకెట్టు నీటిలో కలిపి, తేరిన నీటినే పోస్తాము. ప్రతి కుళాయిలో ఘాటైన వాసన వచ్చేవరకు వదిలి కట్టివేసి, నాలుగు గంటలు ఉంచుతాము. తరువాత అంతా పారబోసి, మంచినీటితో వాసన పోయేవరకు కడుగుతాము. అంతవరకు ఆ నీటిని ఎవ్వరూ వాడరాదు. నీటిని శుద్ధిచేసే ఆర్.ఓ. యంత్రానికి ఆ నీరు చేరితే దాని పొర పాడవుతుంది; కనుక ముందే దాని కనెక్షను తీసివేయాలి. మరుగుదొడ్డి యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో కలిపితే విషవాయువు పుడుతుంది. ఆ రెండింటినీ దగ్గరకు చేర్చరాదు. వేడినీటి కుళాయిలో ధార వచ్చిన తరువాతే గీజరు స్విచ్చి వేయాలి.

ఈ పనికి ఒక పూట చాలును. 1994లో ప్లేగు వ్యాధితో వణికిన ఈ నగరం, మరుసటి సంవత్సరం కమిషనరుగా వచ్చిన శ్రీ ఎస్.ఆర్. రావు గారి నాయకత్వంలో వీధులను శుభ్రపరచుకొని దేశానికి ఆదర్శమైంది. వీధి శుభ్రతను నగరపాలక సంస్థ చూడగలదు; మన మేడమీది ట్యాంకు మూత ఎత్తి చూడవలసినవారము మాత్రం మనమే. సోదర ఉద్యోగులు ఈసారి రైలు టిక్కెట్టు తీసుకున్ననాడే ఈ పనికీ ఒక తేదీ నిర్ణయించుకుంటారని ఆశిస్తున్నాము.