రథానికీ మార్గానికీ నడుమ

కఠోపనిషత్తు ప్రథమాధ్యాయం తృతీయవల్లిలో యమధర్మరాజు నచికేతునకు ఉపదేశించిన రథకల్పన సాధకులందరికీ సుపరిచితమే. శరీరము రథము, ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనస్సు కళ్ళెము, ఇంద్రియాలు అశ్వాలు, విషయాలు ఆ అశ్వాలు సంచరించే మార్గాలు. ఈ కల్పనను దీర్ఘకాలం మననం చేసేవానికి ఒక సందేహం కలుగక మానదు. సారథి సమర్థుడే, కళ్ళెము దృఢమే, అశ్వాలు వశంలోనే ఉన్నాయి. అయినా మార్గం నిమ్నోన్నతమైనదైతే రథికుని గతి ఏమిటి? సారథి ఎంతటి వివేకి అయినా గతుకు గతుకే కదా! విషయమనే మార్గానికీ, దేహమనే రథానికీ నడుమ ఉండవలసినది ఏది?

శ్రుతి చెప్పనిదానిని శ్రుతికి ఆరోపించడం ఉచితం కాదు. అయితే ఈ ప్రశ్నకు సమాధానాన్ని శాస్త్రంలోనూ, లోకంలోనూ కలిపి అన్వేషించవచ్చు. అందుకు కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ ప్రాంతం, దాని పరిసరాలు అనువైన క్షేత్రం. ఆలంపుర ఆలయాలకు శిలలు మోసిన బండ్లు తుంగభద్ర దాటేముందు ఇరుసులకు కందెన పూసుకొన్న చోటు కందెనవోలు అయిందనీ, అదే నేటి కర్నూలు అనీ జనశ్రుతి. నాగర్‌కర్నూలు పేరు వెనుక కూడా బండి కందెన కథ ఒకటి ప్రచారంలో ఉంది. చరిత్ర ఎట్లున్నా ఈ కథల అంతరార్థం గ్రాహ్యమే. దేవాలయ నిర్మాణమంతటి మహాకార్యం కూడా ఇరుసు దగ్గర ఆగింది. అక్కడి శుశ్రూష జరిగిన తరువాతనే ముందుకు సాగింది.

ఆ ప్రాంతంలోనే, వనపర్తిలో, ఒక గృహస్థు ఉన్నాడు. సంస్థానాధీశుల రాజభవనంలో నడిచే పాలిటెక్నిక్‌లో యంత్రవిద్య అభ్యసించినవాడు. ప్రాతఃకాలంలో గీతాపారాయణం, పగలు వ్యాపారం, రాత్రి వాహనశాస్త్ర పఠనం ఆయన దినచర్య. భర్తృవియోగానంతరం ఆయన తల్లి ప్రతి పౌర్ణమికీ ఆలంపురం వెళ్ళి, అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటైన జోగులాంబను దర్శించుకోవాలని నియమం పెట్టుకొన్నది. పెబ్బేరు వద్ద 44వ జాతీయ రహదారిని అందుకొని, బీచుపల్లిలో కృష్ణను దాటి, అక్కడి ఆంజనేయస్వామికి నమస్కరించి, ఎర్రవల్లి మీదుగా ఆలంపుర క్షేత్రం చేరడం వారి యాత్రాక్రమం.

ఆయన వాహనం స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్. 2017లో మన దేశంలో విడుదలైన శ్రేణికి చెందినది. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజనుతో 230 పీఎస్ శక్తి గల కారు అది. ఆ శక్తికి తగిన స్థైర్యం కావాలన్న తలంపుతో ఆయన పాత స్ప్రింగులను, షాకాబ్సర్లను తొలగించి, ఎత్తునూ కాఠిన్యాన్నీ మార్చుకోగల సస్పెన్షన్‌ను అమర్చుకొన్నాడు. అందులో ముందు చక్రాలకు స్ప్రింగు, డంపరు ఏకాక్షంగా ఉన్న కాయిలోవర్లు. వెనుక స్ప్రింగు వేరు, డంపరు వేరు. స్ప్రింగు కాఠిన్యం ముందు 6, వెనుక 8. అనగా వెనుక స్ప్రింగును ఒక్క మిల్లీమీటరు కుంచింపజేయడానికి ఎనిమిది కిలోల భారం కావాలి. ప్రతి డంపరుకూ ముప్పై మెట్లు గల మీట.

ఇక్కడ స్ప్రింగుకూ డంపరుకూ గల భేదాన్ని సాధకుడు గ్రహించాలి. స్ప్రింగు ఆఘాతాన్ని స్వీకరిస్తుంది. కానీ దానిని నశింపజేయదు. కుంచించుకొని ఆ శక్తిని తనలో దాచుకొని, మరుక్షణం తిరిగి విసరుతుంది. స్ప్రింగు మాత్రమే ఉన్న బండి ఒక గతుకుకు పదిమార్లు ఊగుతుంది. మనస్సులోని సంస్కారం సరిగా ఇటువంటిదే. పదేళ్ళ క్రిందట విన్న పరుషవాక్యం నేటికీ ఊపుతూనే ఉంటుంది. ఆ ఊగిసలాటను అణచేది డంపరు. దాని గర్భంలో తైలం ఉంటుంది. ముషలకం కదిలినప్పుడు ఆ తైలం సూక్ష్మరంధ్రాల గుండా బలవంతంగా ప్రవహిస్తుంది. ఆ ఘర్షణలో చలనశక్తి ఉష్ణంగా మారి బయటి గాలిలో కలిసిపోతుంది. చలనం దాగలేదు, తాపంగా పరిణమించింది. తపస్సు అనే పదానికి ధాత్వర్థం తాపమే కదా! దమం అనగా క్షోభను లోపల కప్పిపెట్టడం కాదు. దానిని సూక్ష్మమార్గాల గుండా నడిపి తపస్సుగా మార్చడం.

వాహనం సిద్ధమైన తరువాత ఆ గృహస్థు దానిని వేగానికి అనుగుణంగా అమర్చుకొన్నాడు. ముందు చక్రాలతో నడిచే వాహనం మలుపులో ముక్కు బయటికి జారజూస్తుంది. వెనుక భాగాన్ని బిగిస్తే ఆ దోషం తగ్గి, వాహనం చురుకుగా తిరుగుతుంది. అందువల్ల ఆయన వెనుక డంపరును ముప్పై మెట్లలో ఇరవైరెండవ మెట్టుకు బిగించాడు. వాహనాన్ని నేలకు ముప్పై మిల్లీమీటర్లు దించాడు. నున్నని జాతీయ రహదారిపై ఫలితం అద్భుతం. మలుపులో ఒరగదు, వేగంలో తేలదు, చక్రం తిప్పిన క్షణంలోనే దిశ మారుతుంది.

కానీ జీవితమంతా జాతీయ రహదారి కాదు. గద్వాల పరిసరాలలోని నల్లరేగడి నేల వర్షానికి ఉబ్బి, ఎండకు సంకోచిస్తుంది. దానిపై వేసిన దారి తరంగంవలె వంకరలు తిరుగుతుంది. కోతల కాలంలో దారిలో సగభాగంపై వడ్లు ఆరబోసి ఉంటాయి. ప్రతి గ్రామముఖంలోనూ స్పీడ్ బ్రేకర్ ఉంటుంది. దాని కొలతలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు నిర్దేశించింది. గ్రామస్థులు స్వయంగా పోసుకొన్న దిబ్బలకు ప్రమాణమే లేదు. అక్కడ ఆ వాహనం ఒక్కొక్క దిబ్బకూ శిలవలె పడేది.

వెనుక ఆసనంలో కూర్చొనేది ఆ తల్లి. మూడు పౌర్ణములు ఆమె ఏమీ అనలేదు. నాలుగవ పౌర్ణమి ఉదయం కుమారుడు వాహనం సిద్ధం చేయగా ఆమె గడప దాటలేదు. "నువ్వు పోయి మొక్కి రా బిడ్డా, నేను ఇంట్లనే దండం పెట్టుకుంటా" అన్నది. కారణం అడుగగా, "బండి మంచిగనే ఉన్నది నాయనా, నా నడుమే మంచిగ లేదు" అని మాత్రమే అన్నది. ఆమె వయస్సు డెబ్బది దాటింది. మానినది ఒక విహారం కాదు, వ్రతం. మిగిలిన పౌర్ణములు ఎన్నో ఎవరెరుగుదురు? కుమారుని స్థైర్యం తల్లి వ్రతానికి భంగకరమైనదంటే, ఆ స్థైర్యం స్థైర్యమేనా?

ఆ గృహస్థు నాడు ఒంటరిగా ఆలంపురం వెళ్ళాడు. తిరుగుదారిలో వాహనాన్ని ఆపి, తల్లి కూర్చొనే స్థానంలో తాను కూర్చొని, సహాయకునిచేత అదే దారిలో నడిపించాడు. అప్పుడు ఆయనకు గోచరించినది కేవలం కాఠిన్యం కాదు. మొదటి దిబ్బ సహ్యంగా ఉంది, రెండవది కఠినం, మూడవది దుస్సహం. దిబ్బలన్నీ సమానమే అయినా బాధ ఎందుకు పెరుగుతోంది?

దీనికి కారణం వాహనశాస్త్రంలో స్పష్టంగా ఉంది. డంపరుకు రెండు గతులు: కుంచించుకొనేది ఒకటి, తిరిగి విచ్చుకొనేది మరొకటి. ఒకే మీట గల అనేక డంపర్లలో ఆ మీట ప్రధానంగా విచ్చుకొనే గతినే నియంత్రిస్తుంది. దానిని అతిగా బిగిస్తే, ఒక దిబ్బకు కుంచించుకొన్న చక్రం పూర్తిగా విచ్చుకొనకముందే రెండవ దిబ్బ వచ్చిపడుతుంది. అప్పటికే సగం కుంచించుకొన్నది ఇంకా కుంచించుకొంటుంది. మూడవ దిబ్బకు స్ప్రింగుకు మిగిలిన అవకాశమే ఉండదు; వాహనం రబ్బరు దిమ్మపై పడుతుంది, ఆఘాతం నేరుగా వెన్నెముకకు చేరుతుంది. మానవదేహం ఊర్ధ్వాధశ్చలనాన్ని అతితీవ్రంగా అనుభవించేది సెకనుకు నాలుగు నుండి ఎనిమిది కంపనాల పరిధిలోనని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. అతిగా బిగిసిన వాహనం సరిగా ఆ పరిధిలోని కంపనాలనే నిరోధించక లోనికి పంపుతుంది.

ఇది వాహనదోషం మాత్రమేనా? తితిక్ష పేరిట దుఃఖాన్ని మ్రింగి, విచ్చుకొనడానికి తనకు క్షణమైనా ఇచ్చుకొనని సాధకులు ఎందరు లేరు! బయటికి వారు నిశ్చలులు. లోపల ఒక్కొక్క ఆఘాతం మునుపటిదానిపై పేరుకొంటూ ఉంటుంది. ఒకనాడు స్వల్పకారణానికే వారు భగ్గుమంటారు. ఆ మంట సోకేది వెనుక ఆసనంలో మౌనంగా కూర్చొన్నవారికి. ప్రాణులు తమ ప్రకృతిని అనుసరించే ప్రవర్తిస్తాయనీ, అక్కడ కేవల నిగ్రహం వ్యర్థమనీ భగవానుడు గీత తృతీయాధ్యాయంలో హెచ్చరించినది ఇందుకే. ద్వితీయాధ్యాయంలో ఆయన తితిక్షను ఉపదేశించినప్పుడు కూడా, శీతోష్ణ సుఖదుఃఖాలు వచ్చిపోయేవని చెప్పే దానిని విధించాడు. వచ్చినదానికి పోయే మార్గం ఉండాలి. పోనివ్వక పట్టి ఉంచడం తితిక్ష కాదు, సంగమే.

యంత్రశాస్త్రం మరొక రహస్యాన్నీ చెబుతుంది. ఒక్కసారి కూడా అటు ఊగక నేరుగా స్వస్థానం చేరే స్థాయికి దమనాన్ని పెంచితే, దానిని నిష్పత్తిలో 1గా గణిస్తారు. సాధారణ కార్లలో ఈ నిష్పత్తి 0.2 నుండి 0.3 వరకు, వేగవాహనాలలో అంతకు హెచ్చుగా ఉంటుంది. నిత్యజీవనపు దారిలో నడిచే ఏ వాహనానికీ 1 ఆదర్శం కాదు. స్వల్పచలనానికి చోటిచ్చినప్పుడే చక్రం నేలను విడువదు. సస్పెన్షన్ పరమప్రయోజనం కేవల సుఖం కాదు. చక్రానికీ భూమికీ సంస్పర్శ తెగకుండా చూడటం. సంస్పర్శ ఉండాలి, సంక్షోభం ఉండరాదు. లోకాన్ని విడిచి తేలిపోవడం సమత్వం కాదు. లోకాన్ని తాకుతూనే చలింపకుండటం సమత్వం.

ఆ గృహస్థు మరలా పనికి పూనుకొన్నాడు. ఈ మారు ఆయన పాటించిన నియమాలు ఏ సాధనకైనా వర్తించేవే. ఒక పర్యాయం ఒక్క మార్పు మాత్రమే చేయడం. అదే దారి, అదే వేగం, టైర్లలో అదే గాలి, వెనుక ఆసనంలో అదే భారం. ప్రతి మార్పునూ పుస్తకంలో లిఖించడం. వెనుక 8 స్థానంలో 5 కాఠిన్యం గల స్ప్రింగును అమర్చాడు. వాహనాన్ని పదిహేను మిల్లీమీటర్లు పైకెత్తాడు. వెనుక డంపరును ఇరవైరెండు నుండి రెండేసి మెట్లు విప్పుతూ వచ్చి, పన్నెండవ మెట్టు వద్ద నిలిచాడు. పదవ మెట్టుకు వాహనం రహదారిపై తేలడం మొదలైంది. ఎత్తు మారితే చక్రాల వాలు, దిశ మారుతాయి కనుక కర్నూలులో అలైన్‌మెంట్ చేయించి, హెడ్‌లైట్ల కోణాన్ని సరిచేయించాడు. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతున్నందున రవాణా కార్యాలయంలోనూ, బీమా సంస్థలోనూ విచారించుకొన్నాడు. ధర్మవిరుద్ధమైన స్థైర్యం నిలువదు కదా!

అమరికలో ఒక సూక్ష్మం ప్రత్యేకంగా చెప్పదగినది. చక్రాలను పట్టి ఉంచే భుజాల రబ్బరు బుష్‌ల బోల్టులను, వాహనం జాకీపై వ్రేలాడుతుండగా బిగించరాదు. అట్లు బిగిస్తే, వాహనం నేలపైకి దిగినప్పుడు ఆ రబ్బరు నిత్యం మెలితిరిగి, అచిరకాలంలో చీలిపోతుంది. వాహనం తన సంపూర్ణభారాన్ని చక్రాలపై మోస్తున్న స్థితిలోనే తుదిబిగింపు చేయాలి. ఆశ్రమంలో పదిదినాల ఏకాంతంలో చేసుకొన్న సంకల్పాలు ఇల్లు చేరగానే తెగిపోవడానికి కారణం ఇదే. భారం లేని వేళ బిగించిన నియమం భారం పడగానే మెలితిరుగుతుంది. సంసారభారాన్ని మోస్తూ, ఆ స్థితిలోనే బిగించుకొన్న స్వల్పనియమం దీర్ఘకాలం నిలుస్తుంది.

తరువాతి పౌర్ణమికి ఆ తల్లి ఆలంపురం వెళ్ళింది. ఆమె నడుమునొప్పి మాయమైనదని కాదు. బీచుపల్లి వద్ద వాహనం దిగి కొంతసేపు నిలుచున్నది కూడా. కానీ తిరుగుదారిలో చెంబులోని తుంగభద్రా తీర్థం ఒడిలో ఒలకలేదు. మలుపులలో వాహనం మునుపటంత చురుకుగా తిరుగదని కుమారునికి తెలుసు. ఆ నష్టాన్ని ఆయన పుస్తకంలో లిఖించుకొన్నాడు, సరిదిద్దలేదు.

సాధకులారా! శమం, దమం, ఉపరతి, తితిక్ష, శ్రద్ధ, సమాధానం అనే షట్కసంపత్తిని ఆచార్యులు మనకు ఉపదేశించినది ఎందుకు? సారథికి మార్గాన్ని చదునుచేసే అధికారం లేదు. ప్రారబ్ధం వేసిన దారి వేసినట్లే ఉంటుంది. కానీ మార్గానికీ రథానికీ నడుమ ఉన్నదానిని సరిదిద్దుకొనే స్వాతంత్ర్యం మనదే. ఎంత బిగించాలో, ఎంత విప్పాలో గ్రంథం చెప్పదు. మీట మీద చేయి వేసి, ఒక్కొక్క మెట్టుగా మనమే తెలుసుకోవాలి. సాధన ఫలించినదా లేదా అన్న ప్రశ్నకు, మన నిశ్చలత్వాన్ని మనం పరీక్షించుకొంటే సమాధానం దొరకదు. మన రథంలో వెనుక ఆసనంలో కూర్చొన్నవారిని అడగాలి. వారు మౌనంగా ఉంటే, ఒకమారు దిగి వారి స్థానంలో కూర్చొని చూడాలి.

స్వస్తి.