మంచుకు దుప్పట్లు

మా మేనమామ 1962లో ఇంజనీరింగు శిక్షణకని స్విట్జర్లాండు వెళ్ళి, అక్కడినుంచి మా అమ్మకు ఒక బొమ్మకార్డు రాశాడు. కొండ అంచున వంపు తిరిగిన రోడ్డు, ఆ వంపులో ఒంటరిగా ఒక పెద్ద హోటలు, దాని పక్కనే జారుతూ జారుతూ ఆగిపోయినట్టున్న మంచు! కాకినాడలో మా వంటింటి గూట్లో, పోపులపెట్టె పక్కన, ఆ కార్డు ఏళ్ళ తరబడి ఉంది. ఎండాకాలంలో పొయ్యి ముందు చెమటలు తుడుచుకుంటూ అమ్మ దానివంక చూసి, "ఆ చల్లదనం కాస్త ఇటు విసిరితే బావుణ్ణురా" అనేది.

అమ్మ పోయాక కార్డు నా పెట్టెలోకి వచ్చింది. 2018 జూలైలో నేనూ మా ఆవిడా బెర్న్ నగరంలో మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు దాన్ని వెంట తీసుకువెళ్ళాను. అల్లుడుగారు చూస్తూనే, "ఇది ఫుర్కా కనుమ, మామయ్యగారూ! ఈ హోటలు పేరు బెల్వెదేర్. 1964లో వచ్చిన 'గోల్డ్‌ఫింగర్' సినిమాలో కార్లు పరుగెత్తింది ఈ రోడ్డుమీదే" అన్నారు.

శనివారం ప్రయాణమన్నారు. తీరా అల్లుడుగారికి చెయ్యి బెణికింది. "నేనున్నాను గదా నాన్నగారూ, నేను నడుపుతాను" అంది అమ్మాయి.

నా గుండె గుభేలుమంది. "ఫుర్కా కింద 1982లో 15.4 కిలోమీటర్ల రైలు సొరంగం తెరిచారటగా! కారును రైలెక్కించి అవతల దింపుతారట. అలా పోదామా?" అన్నాను.

"సొరంగంలో మీ కార్డు బొమ్మ కనిపిస్తుందా?" అంది. నోరు మూసుకున్నాను.

నా భయానికి ఒక పాత కథ ఉంది. ఏడో తరగతిలో అమ్మాయి సైకిలు అడిగింది. "ఆడపిల్లవు, మెయిన్ రోడ్డుమీద నీకెందుకమ్మా?" అని, వాళ్ళ అన్నకు మాత్రం కొన్నాను. ఆ మాట అది మళ్ళీ ఎత్తలేదు. నేనూ మరచిపోలేదు. ఇప్పుడు ఆ అన్న కూతురు, తొమ్మిదేళ్ళది, సైకిలు కావాలని నన్నే పట్టుకుంది. "చూద్దాంలే" అని విమానమెక్కాను.

మైరింగెన్ ఊరు దాటగానే రోడ్డు కొండెక్కసాగింది. మొదట చెట్లు, తరువాత పచ్చిక, ఆ పైన బండరాళ్ళు. ఆనకట్టల వెనుక నీళ్ళు పాలు కలిపినట్టున్నాయి. మంచు రాళ్ళను నూరగా వచ్చిన పొడివల్ల ఆ రంగట. 2,164 మీటర్ల ఎత్తున గ్రిమ్సెల్ కనుమ చేరాము. ఈ పక్క కురిసిన వాన ఆరె నదిలో పడి, రైనులో కలిసి, ఉత్తర సముద్రానికి పోతుంది. ఆ పక్క కురిసింది రోన్ నదిలో కలిసి మధ్యధరా సముద్రానికి పోతుంది. ఒక్క గట్టు ఇంత దూరం చేస్తుందా అని మా ఆవిడ ముక్కున వేలేసుకుంది.

దిగువన గ్లెచ్ అనే చోటు. 1850 ప్రాంతంలో రోన్ హిమానీనదం, అంటే నెమ్మదిగా కదిలే మంచు ఏరు, ఈ లోయ అడుగుదాకా పరుచుకుని ఉండేదట. ఇప్పుడక్కడ రాళ్ళూ, గడ్డీ. మళ్ళీ మెలికలు తిరిగి ఎక్కితే, ఒక మలుపులో నా హోటలు! అదే భవనం, అవే కిటికీలు. 2015లోనే మూసివేశారట. కార్డు తీసి పక్కన పట్టి చూశాను. హోటలు సరిపోయింది, రోడ్డు సరిపోయింది. మంచు ఉండవలసిన చోట నున్నటి బోడి బండ ఉంది.

టిక్కెట్టు కొని లోపలికి నడిస్తే, దూరంగా మంచు కనిపించింది. దాని అంచును దళసరి తెల్ల దుప్పట్లతో కప్పారు. ఎండ తగిలి కరగకుండానట. ఏటా మంచులో తొలిచే గుహ ఒకటుంది. లోపల గోడలు నీలంగా మెరుస్తున్నాయి, పైనుంచి చుక్కచుక్కగా నీళ్ళు నెత్తిన పడుతున్నాయి. "జ్వరం మనిషికి కప్పినట్టు కప్పారేమండీ!" అంది మా ఆవిడ. ఎవ్వరమూ మాట్లాడలేదు. 812 కిలోమీటర్లు పారే నదికి అది పుట్టిల్లు.

2,429 మీటర్ల ఫుర్కా శిఖరం దాటి దిగుతున్నాము. అక్కడ రోడ్డు సన్నం. అంచున రాతి గుంజలు తప్ప అడ్డు లేదు, కింద లోయ. ఇంతలో మలుపు అవతలనుంచి మూడు స్వరాల బూరా వినిపించింది. పసుపుపచ్చని పోస్టు బస్సుది. రొస్సినీ 'విలియం టెల్' సంగీతంలోనివట ఆ స్వరాలు. కొండ రోడ్లమీద ఆ బస్సుకు దారి ఇవ్వవలసిందే, దాని డ్రైవరు చెప్పినట్టు వినవలసిందే. బస్సు ఎదురుగా వచ్చి నిలిచింది. డ్రైవరు వెనక్కు పొమ్మని చెయ్యి ఊపాడు.

నేను ఆంజనేయ దండకం అందుకున్నాను. అమ్మాయి మాత్రం వెనుదిరిగి చూసి, ఎగువకు, వంపులో, జానెడు జానెడుగా కారును వెనక్కు తీసుకువెళ్ళి, రోడ్డు వెడల్పైన చోట కొండ వారకు నిలిపింది. బస్సు మమ్మల్ని రాసుకున్నట్టే పోయింది. డ్రైవరు టోపీ ఎత్తి నవ్వాడు.

"ఎక్కడ నేర్చుకున్నావే?" అన్నాను, నీళ్ళు తాగి.

"ఇక్కడే. మొదటిసారి ఏడ్చాను" అని, గేరు తగ్గించి, "బ్రేకు తొక్కుతూనే ఉంటే అవి వేడెక్కిపోతాయి నాన్నగారూ. దిగేటప్పుడు కూడా ఎక్కే గేరులోనే ఉండాలి" అంది. అంతకన్న ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆండర్మాట్‌లో కాఫీకి ఆగాము. పక్క దుకాణంలో అమ్మే బొమ్మకార్డుల్లో ఇంకా ఆ పాత మంచే ఉంది. ఒకటి కొని, మనుమరాలికి రాశాను:

"అమ్మలూ! ఈ బొమ్మలో మంచు చాలా భాగం ఇప్పుడు లేదు. ఉన్నదాన్ని మీ అత్త చూపించింది. నేను రాగానే సైకిలు కొంటాను. మీ అమ్మను బెల్లు ఏ రంగు కావాలో అడక్కు, నువ్వే చెప్పు."

తపాలా బిళ్ళ అంటించి అమ్మాయికి ఇచ్చాను, డబ్బాలో వెయ్యమని. అది కార్డు తిప్పి చదివింది. రెండోసారి కూడా చదివినట్టుంది. చాలాసేపటికి గాని తిరిగి రాలేదు.