ఆదివారం తలంటు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని చెల్లెళ్ళు అడిగారు. పూర్వ విద్యార్థినులం కదా, క్రమశిక్షణ గురించో లక్ష్యసాధన గురించో రాస్తామనుకుని ఉంటారు. వాటికి పెద్దలున్నారు. మేము తల దురద గురించి రాస్తున్నాం. నవ్వేవాళ్ళు నవ్వండి. ఈ పేజీ చదువుతుండగానే ఎవరి చెయ్యి తల మీదికి పోతుందో వాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

మా ఇళ్ళల్లో డిగ్రీ చదివినవాళ్ళలో మేమే మొదటివాళ్ళం. ఇప్పుడు ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలో పీజీ చేస్తున్నాం. ఆరో తరగతిలో ఆమదాలవలస హాస్టలుకు వచ్చినప్పుడు ఒక్కొక్కరి ట్రంకుపెట్టెలో ఒక కంచం, గ్లాసు, రెండు జతల బట్టలు, చిన్న సీసాతో కొబ్బరినూనె ఉండేవి. గదికి పద్దెనిమిది మందిమి. చాపలు అంచుకు అంచు ఆనించి పరుచుకునేవాళ్ళం. అద్దం ఒకటి, దువ్వెనలు మూడో నాలుగో. బడికి టైమయిపోతుంటే ఎవరి దువ్వెన ఎవరి చేతిలో ఉందో చూసుకునే తీరిక ఎవరికి ఉంటుంది? నెల తిరిగేసరికి పద్దెనిమిది తలల్లోనూ పేలే.

మేము చదివిన బడి పేరు ఇక్కడ రాయం. అక్కడ హాస్టలు పిల్లలకు ఒక బెంచీ విడిగా ఉండేది. ఎవరూ వేయమనలేదు, అదే ఏర్పడింది. "హాస్టలోళ్ళ పక్కన కూకోకు, పేలెక్కుతాయని మా అమ్మ సెప్పింది" అని ఒకమ్మాయి అనేది. పేలు అన్న మాట వెనక ఇంకో మాట దాగి ఉందని ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుస్తుంది. మాలో ఒక పిల్ల దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇంట్లో పనుందని కబురు వచ్చింది. పని కాదు, బెంచీ అని మా గదిలో అందరికీ తెలుసు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిలితో తాగిన సంగతి మన హాస్టళ్ళలో తెలియనివాళ్ళు లేరు. నీళ్ళ దగ్గరికి రానివ్వకుండా ఆపి, మురికివాళ్ళని పేరు పెట్టడం అంత పాతది. అందుకే తల దురద మాకు చిన్న విషయం కాదు.

పేను గురించి తర్వాత మేము చదివి తెలుసుకున్నది ఇదీ. పేను ఎగరదు, గెంతదు, పాకుతుంది అంతే. శుభ్రమైన తలా, మురికి తలా అన్న తేడా దానికి లేదు. తల తలకు తగిలితే చాలు. అది కుట్టినప్పుడు దాని లాలాజలం మన ఒంటికి పడక దురద పుడుతుంది. మొదటిసారి పేలు పట్టిన తలకు ఆ దురద తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కూడా పట్టవచ్చు. అంటే మనం గోక్కోవడం మొదలుపెట్టే నాటికి అవి పక్క చాప మీదికి ఎప్పుడో చేరిపోయి ఉంటాయి.

ఈ లెక్క మా వంటమ్మకు పుస్తకం చదవకుండానే తెలుసు. ఒక రోజు మాలో ఒకర్తి మూల కూర్చుని తల దువ్వుకుంటుంటే చూసి, "ఒక్కర్తివీ దువ్వుకుంటే ఏటవుద్దే గుంటా? రేత్రికి పక్కదాని తల్లోంచి మళ్ళీ ఒచ్చేస్తాయి. అందరూ కూకోండి" అంది. ఆదివారం తలంటు అలా మొదలైంది.

టిఫిను తినేసి వరండా మెట్ల మీద ఒకరి వెనక ఒకరం, శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో ఆగిపోయిన గూడ్సు బండిలా కూర్చునేవాళ్ళం. వేపాకు వేసి కాచిన కొబ్బరినూనె గోరువెచ్చగా పట్టించడం, పాయలు పాయలుగా విడదీయడం, ఈరిపినతో కుదుళ్ళ దగ్గర్నుంచి కొసదాకా ఒక్క లాగు లాగడం, తెల్లగుడ్డ మీద తుడవడం. ఆ చెక్క ఈరిపిన రథసప్తమికి అరసవల్లిలో కొన్నది. పళ్ళు ఎంత దగ్గరగా ఉండేవంటే నూనె లేకుండా దువ్వితే కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. నూనె పెడితే పేలు చురుకు తగ్గి నెమ్మదిస్తాయి, దువ్వెనా జారుతుంది. ఎవరి తలలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి పందేలు కూడా వేసుకునేవాళ్ళం. నలభై ఒకటి మా గది రికార్డు. పేరు చెప్పం, ఆవిడ ఇప్పుడు టీచరు.

ఒక్క ఆదివారంతో అవ్వదు. ఈపి పగలడానికి వారం పది రోజులు పడుతుంది, పుట్టిన పిల్ల పేను మళ్ళీ గుడ్లు పెట్టడానికి దాదాపు అన్ని రోజులే. అందుకని ఆదివారం, బుధవారం చొప్పున మూడు వారాలు, గదిలో ఒక్క తల కూడా వదలకుండా దువ్వాలి. దువ్వెనలు మరీ వేడిగా ఉన్న నీళ్ళలో పది నిమిషాలు నానేసేవాళ్ళం. దుప్పట్లు ఉతికి ఎండేసేవాళ్ళం. తల వదిలిన పేను ఒకటి రెండు రోజులకు మించి బతకదు కాబట్టి గదికి మందులు కొట్టనక్కరలేదు. వేపనూనె, కర్పూరం, ఇంకా ఎన్నెన్నో చెప్తారు. మా అనుభవంలో పని చేసింది ఈరిపిన, పక్కదాని ఓపిక.

తలంటుకు కుంకుడుకాయలే. సీతంపేట వైపు నుంచి వచ్చే చెల్లెళ్ళు సెలవులు అయ్యాక సంచిలో పోసుకుని తెచ్చేవారు. (ఆ ఊరు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది.) గింజ తీసి, కొట్టి, వేడినీళ్ళలో నానేస్తే నురగ. మా బోరు నీళ్ళలో ఒంటిసబ్బుతో తల రుద్దితే సబ్బు ఆ నీళ్ళలోని సున్నంతో కలిసి తెల్లటి జిడ్డుగా మాడుకు అంటుకుపోయేది. అదీ దురదే. కుంకుడు రసానికి ఆ గొడవ లేదు. కళ్ళలో పడితే మాత్రం మంట చెప్పనలవి కాదు. మెంతులు రాత్రి నానేసి రుబ్బినా, మందార ఆకు నలిపినా వచ్చే జిగురు మాడుకు చల్లగా ఉంటుంది, చిక్కులూ వదులుతాయి. షాంపూ అన్న మాట కూడా మన దేశం నుంచి వెళ్ళిందేనట, ఒత్తడం అనే అర్థమున్న హిందీ మాట నుంచి. మాకు అది రూపాయి ప్యాకెట్టుగా తిరిగొచ్చింది.

ఇంతవరకూ పేల మాట. ఎనిమిదో తరగతి దాటాక వచ్చే దురద చాలావరకు చుండ్రు. ఈ రెండింటికీ వైద్యం ఒకటి కాదు. తెల్లటి పొట్టు ఊదితే ఎగిరిపోతే చుండ్రు. వెంట్రుకను పట్టుకుని లాగినా రాకపోతే ఈపి. చుండ్రుకు కారణమయ్యే సూక్ష్మజీవి అందరి తలల మీదా ఉంటుంది. మాడులో ఊరే నూనే దాని తిండి. వయసొచ్చే రోజుల్లో ఆ నూనె ఎక్కువవుతుంది. మా మామ్మలు "తలకి సవురు లేపోతే సేనుకి తడి లేనట్టే" అనేవారు. ఊరి పేరులోనే ఆముదం ఉంది, ఆముదాలవలస అని కూడా రాస్తారు, ఇంక చెప్పేదేముంది! కానీ చుండ్రు తలకు రాత్రంతా నూనె పెట్టి ఉంచితే దాని తిండి దానికి పెట్టినట్టే. మామ్మల మాట పేలకు సరిపోతుంది, పొడి జుట్టుకు సరిపోతుంది, దీనికి సరిపోదు. చుండ్రుకు వారానికి రెండుసార్లు తలస్నానం చేయండి. తగ్గకపోతే ఆసుపత్రిలో అడిగి కీటోకొనజోల్ షాంపూ తెచ్చుకుని, రాశాక ఐదు నిమిషాలు ఆగి కడగండి. ఆకులూ పసరులే వాడాలని ఒట్టేమీ లేదు.

ఆకులూ గింజలూ అన్నీ మంచివనీ కాదు. సీతాఫలం గింజల పొడి పేలకు పెడతారు. అది కంటిలో పడితే నల్లగుడ్డు మీద పొర దెబ్బతింటుంది. దాని జోలికి అసలు పోవద్దు. కిరసనాయిలు కూడా అంతే, పొయ్యి దగ్గరికి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. నిమ్మకాయ రసం గోకిన మాడు మీద మండుతుంది, అది నుదుటి మీదికి కారి ఎండ తగిలితే నల్ల మచ్చలు పడతాయి. గుండ్రంగా జుట్టు ఊడిపోయి పొట్టు లేస్తే అది తామర. దానికి పై పూతలు చాలవు, డాక్టరు మాత్రలు రాయాలి. చీము పట్టినా, చెవి వెనక బిళ్ళలు కట్టినా ఆ రోజే వార్డెన్ గారికి చెప్పండి. సిగ్గుపడకండి.

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మా గదిలో పేలు పోయాయి. బెంచీ మాత్రం పోలేదు. ఆ ఏడాదే, పక్కన కూర్చోకూడదన్న ఆ అమ్మాయి ఇంటర్వెల్‌లో బావి చాటుకు పిలిచి, "మీ ఈరిపిన ఓపాలి ఇస్తారా?" అని అడిగింది. ఇచ్చాం. అందరూ కలిసి దువ్వుకోవాలని, మూడు వారాలు మానకూడదని కూడా చెప్పాం. నెల పోయాక కాగితంలో చుట్టి తిరిగి ఇచ్చింది. వచ్చి మా బెంచీలో మాత్రం కూర్చోలేదు.

ఆ ఈరిపిన ఇప్పుడు పదో తరగతి చెల్లెళ్ళ దగ్గర ఉందని విన్నాం. రెండు పళ్ళు విరిగాయట, కొత్తది మేము పంపుతాం. ఇంకొకటి, తలంటు నీళ్ళు పారే చోట మందార కొమ్మ గుచ్చండి. జానెడు ముక్క చాలు, వానాకాలంలో అయితే త్వరగా నాటుకుంటుంది.