పని చెయ్యని గుడ్డ



పోయిన ఆదివారం భాగమంతా రోస్టర్ పాయింట్ల గురించి రాసినా. మధ్యలో ఒక్క వాక్యం పక్కమాటగా పడింది: సాయంత్రాలు ఫ్యాన్ వెయిల్స్‌తో బెల్లీ డ్యాన్స్ నేర్చుకుంటున్నానని. మీరు రోస్టర్‌ను గాలికొదిలేసి ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకున్నారు. అన్నలందరి ప్రశ్న ఒకటే: "డప్పు ఉండగా ఇదేందక్కా?" ఆడపిల్లల ప్రశ్న ఇంకొకటి: "ఏ వీడియో చూసి నేర్చుకుంటున్నారు మేడమ్?"

రెండోది పనికొచ్చే ప్రశ్న. ముందు దానికే జవాబు. అన్నలు రొంతసేపు ఆగాల.

తెలియనివాళ్ల కోసం. ఫ్యాన్ వెయిల్ అంటే వెదురు పుల్లల మడత విసనకర్ర, దాని అంచుకు కుట్టిన పల్చటి పట్టుగుడ్డ. గుడ్డ పొడవు మామూలుగా మీటరున్నర ఉంటుంది. చేతికొకటి పట్టుకుంటారు. మణికట్టు తిప్పితే గుడ్డ గాల్లోకి లేస్తుంది, రొంతసేపు అక్కడే నిలుస్తుంది, తర్వాత దిగుతుంది. ఆ "రొంతసేపు" కోసమే ఈ తిప్పలన్నీ.

గుత్తిలో కోట ఉంది, రైల్వే జంక్షన్ ఉంది, డీజిల్ షెడ్డు ఉంది. ఇది నేర్పే మనిషి లేదు. కాబట్టి ఫోనే గురువు. ఈ మాట అనగానే ఒక తమ్ముడు "ఏకలవ్యుడు" అని కామెంట్ పెట్టినాడు. వద్దు తమ్ముడూ. ఆ కథలో బొటనవేలు పోతుంది. విసనకర్ర పట్టుకోవాలంటే నాకు బొటనవేలు కావాల.

సంగతికొస్తా. ఫ్యాన్ వెయిల్ అని వెతికితే కుప్పలుగా వీడియోలొస్తాయి. వాటిల్లో ఎక్కువ ప్రదర్శనలు, పాఠాలు కావు. లైట్లు, పొగ, అయిదు నిమిషాల పాట. చూడ్డానికి బాగుంటాయి. వాటిని చూసి నేర్చుకోవాలని కూర్చుంటే సంగటి ఫొటో చూసి సంగటి కెలికినట్టే. నేను మొదట చూసేది, టీచరు తన చెయ్యిని దగ్గరగా చూపిస్తుందా లేదా అని. ఒక చివరి పుల్ల మీద బొటనవేలు ఎక్కడుండాలి, మిగతా వేళ్లు రెండో చివరి పుల్లను ఎట్లా పట్టాలి, విదిలిస్తే ఎట్లా తెరుచుకుంటుంది, ఎట్లా మూసుకుంటుంది. ఈ పట్టు చెప్పకుండా నేరుగా ఎగరేసే వీడియోను వెంటనే మూసేస్తా. పట్టు సరిగా లేకుంటే పదో నిమిషానికి మణికట్టు లాగుతుంది, విసనకర్ర పోయి గోడకు తగులుతుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి కుడి ఎడమలది. మడత విసనకర్ర ఒక్క వైపుకే సరిగా తెరుచుకుంటుంది. అందుకే వీటిని కుడిచేతికొకటి, ఎడమచేతికొకటి జతగా అమ్ముతారు. రెండూ కుడిచేతివే కొంటే ఎడమచేతిలో గుడ్డ తిరగబడుతుంది. ఇప్పుడు వీడియో దగ్గరికి రండి. టీచరు మనకెదురుగా నిలబడితే ఆమె కుడిచెయ్యి మన ఎడమవైపు కనబడుతుంది. కొందరు వీడియోను అద్దంలో మాదిరి తిప్పి పెడతారు, కొందరు పెట్టరు, చాలామంది ఆ ముక్క చెప్పనే చెప్పరు. మామూలు డ్యాన్సులో ఈ తికమకను ఎట్లనో దాటుకోవచ్చు. చేతిలో కుడిది ఎడమది అని వేర్వేరు వస్తువులున్నప్పుడు దాటలేం. అందుకని నేను టీచరు వీపు కనబడే పాఠాన్నే ఎంచుకుంటా. ఆమె కుడి నా కుడి, ఆమె ఎడమ నా ఎడమ. జీవితమంతా బోర్డు మీద రాస్తూ పిల్లలకు వీపు చూపించకూడదని విన్న మనిషిని. ఇక్కడ మాత్రం వీపే పాఠం.

ఫ్రేము కూడా చూడండి. ఫోనును నిలువుగా పెట్టి తీసిన వీడియోల్లో మొహం, నడుము బాగా కనబడతాయి, గుడ్డ కొస తెగిపోతుంది. ఈ విద్యలో నేర్వాల్సింది ఆ కొస దగ్గరుంది. చెయ్యి ఆగిన తర్వాత కూడా గుడ్డ కదులుతూనే ఉంటుంది కదా, ఎప్పుడు ఆగింది, ఎప్పుడు మళ్లీ లాగాల అనేది కొసను చూస్తేనే తెలుస్తుంది. ఆ చోట వేగాన్ని సగానికి తగ్గించి పదిసార్లు చూడండి.

అన్నిటికంటే ముందు, విసనకర్రలు ముట్టుకోకుండా నడుము పాఠాలతో మొదలయ్యే కోర్సునే పట్టుకోండి. మోకాళ్లు బిగించకుండా నిలబడటం, పైభాగం కదలకుండా తుంటిని ఒక్కదాన్నే దించడం, నడుముతో ఎనిమిది అంకె గీయడం. (ఇంగ్లీషు 8. తెలుగు ౮ గీస్తే నడుం పట్టేస్తుంది.) పెద్ద గుడ్డ చేతిలో ఉంటే చేతకాని నడుమును దాచేయొచ్చు. దాచడానికే నేర్పే వీడియోలు బోలెడున్నాయి.

గది సంగతి ఏ వీడియోలోనూ ఉండదు కాబట్టి నేనే చెప్తా. వాళ్ల స్టూడియోలకు పదహారడుగుల కప్పు ఉంటుంది. మనకు నెత్తి మీద సీలింగ్ ఫ్యాను ఉంటుంది. స్విచ్ ఆపడం కాదు, రెక్కలు పూర్తిగా ఆగినాకే గుడ్డ పైకెత్తండి. మిద్దె మీద చేద్దామంటే మన ఆషాఢం గాలి తెలుసు కదా. రామగిరి గుట్టల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. ఆ గాలిలో గుడ్డ మన మాట వినదు. తెల్లారుజామున గాలి పడిపోయినప్పుడు మాత్రం బాగుంటుంది. పట్టు కావాలంటే ధర్మవరం పక్కనే ఉంది కదా అని ఒక పాప అడిగింది. ధర్మవరం పట్టు బరువుకు పేరుబడింది తల్లీ. దీనికి ఊదితే లేచే పట్టు కావాల. హాస్టల్ పిల్లలు నలుగురు పాత నైలాన్ చీర చింపి కుట్టుకున్నారు. లేస్తుంది, కానీ తొందరగా దిగుతుంది. నేర్చుకోవడానికి చాలు.

ఇంకొక పరీక్ష ఉంది. దీన్ని మాత్రం నేను పరిశోధకురాలిగా పెడతా. టీచరు ఈ డ్యాన్సు ఎక్కడిదని చెప్తుంది? "ప్రాచీన ఈజిప్టు రాణులు ఈ విసనకర్రలతో ఆడేవాళ్లు" అంటే అక్కడే ఆపేయండి. ఈజిప్టు నాట్యంలో ఈ వస్తువు లేదు. చైనా, కొరియాల్లో విసనకర్రలతో ఆడే నాట్యాలున్నాయి. ఆ వస్తువుకు పొడుగు పట్టు కుట్టి బెల్లీ డ్యాన్స్ వేదికెక్కించింది ఈమధ్య కాలంలోనే. దీంట్లో నామోషీ ఏమీ లేదు, కొత్తదాన్ని కొత్తదని చెప్పొచ్చు. సంప్రదాయం అనే ముద్ర ఎవరెవరు ఎందుకు కొడతారో మనకు ఒకరు చెప్పాల్సిన పన్లేదు.

తుంటి కదలిక మాత్రం పాతది, దానికి సొంతదారులున్నారు. ఈజిప్టులో గవాజీలని ఒక సమూహం. ఆడవాళ్లు వీధుల్లో, పెళ్లిళ్లలో ఆడేవాళ్లు. పిలిచి ఆడించుకున్న సమాజమే వాళ్లను వేరుగా, తక్కువగా చూసింది. 1834లో పాలకుడు మహమ్మద్ అలీ వాళ్లను కైరో నుంచి వెళ్లగొట్టి దక్షిణాన ఎస్నా వైపు తరిమినాడు. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో అదే కదలికకు అమెరికావాళ్లు టికెట్టు పెట్టినారు. బెల్లీ డ్యాన్స్ అనే పేరు అక్కడ నాటుకుంది. దాదాపు అదే కాలంలో లోయ్ ఫుల్లర్ అనే అమెరికన్ నర్తకి వెదురు కర్రలకు పట్టుబట్ట తగిలించి ఆడింది. 1892లో తన డ్యాన్సుకు కాపీరైట్ కావాలని న్యూయార్క్ కోర్టుకు పోతే, ఇందులో కథ లేదు పొమ్మన్నారు. 1894లో ఆ బట్టకు పేటెంట్ మాత్రం తెచ్చుకుంది. గవాజీ ఆడదానికి తన నడుము మీద ఏ పేటెంటూ రాలేదు. లక్సర్‌లో మాజిన్ కుటుంబానికి చెందిన ఖైరియా మాజిన్ మొన్నమొన్నటిదాకా నేర్పుతూ వచ్చింది. ఆ పేరు పలికి, ఈ అడుగు వాళ్లది అని చెప్పే టీచరు దొరికితే కెమెరా బాగలేకపోయినా నేను ఆమె దగ్గరే కూర్చుంటా.

ఎందుకంత పట్టింపు అంటే, మా ఇంట్లో ఒక మనిషి ఉండింది. మా జేజి వాళ్లక్క. ఆమెను బసివిని చేసినారు. అనంతపురం, బళ్లారి 1882 దాకా ఒకే జిల్లా. బసివి ఆచారానికి ఆ సరిహద్దు ఎప్పుడూ అడ్డం కాలేదు. థర్స్టన్ 1909లో అచ్చేసిన కులాల పుస్తకంలో మా పక్క బసివిరాళ్ల గురించి పేజీలకు పేజీలున్నాయి, మనుషుల్లేరు. 1947లో మద్రాసు చట్టం వచ్చింది, గుడి ముందర ఆడదాని ఆటను కూడా నేరం చేసింది. 1988లో ఆంధ్రప్రదేశ్ ఇంకొక చట్టం తెచ్చింది. చట్టాలు కావలసినవే. నేను వాటి పక్షమే. కానీ పెద్దజేజి తర్వాత మా ఇంట్లో ఆడపిల్ల కాలు కదిపితే వీపు చిట్లేది. తీర్పు ఊరి మీద పడలేదు, మా కాళ్ల మీద పడింది.

ఇప్పుడు అన్నల ప్రశ్న. డప్పు ఉండగా ఇదెందుకు?

మా పక్క తప్పెట అంటాం. దాని మీద నాకు గౌరవం ఉంది, మా నాయన చేతి కాయలు చూసినదాన్ని. కానీ అన్నా, తప్పెటను మా నాయన ఎంచుకోలేదు. సావుకు, జాతరకు రమ్మని ఊరు పిలిస్తే పోయినాడు. ఆ తప్పెటను ఉద్యమం మన జెండా చేసింది, మంచిపని. ఆ జెండా పట్టుకున్న గుంపులో ఆడదాని చేతికి తప్పెట ఎన్నిసార్లు ఇచ్చినారో మీరే లెక్కేసుకోండి. కులానికి ఊరు ఒక వాయిద్యం రాసిపెట్టింది. మళ్లీ మీరు అదే రాసిపెడితే నేను సంతకం చెయ్యను. మా నాయనకు లేనిదేదో నాకుందంటే అది ఎంచుకోవడం. గవాజీల డ్యాన్సు, కొరియా విసనకర్ర, అమెరికా టీచరు, గుత్తి మిద్దె. నా ఎంపిక ఇది.

గుడ్డ గురించి ఒక మాట. క్లాసులో జయప్రభ గారి "పైటను తగలెయ్యాలి" చెప్పి, పక్కనే జూపాక సుభద్ర గారి "కొంగు" చెప్తా. ఒకరికి పైట మీద వేసిన బరువు. ఇంకొకరికి కొంగు పనిలో తోడు. మా అమ్మ కొంగుతో చెమట తుడిచింది, చెనిక్కాయలు మూటగట్టింది, నెత్తిన చుట్టకుదురు చేసింది, మమ్మల్ని ఉయ్యాల్లో వేసింది. ఆ గుడ్డకు ఒక్క పూట సెలవు లేదు. మొన్న అమ్మ వచ్చినప్పుడు నా విసనకర్ర గుడ్డను వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసింది. "దీంతో ఏం చేస్తారు?" అంది. ఏం చెయ్యరమ్మా, ఎగరేస్తారు అన్నా. "అంతేనా?" అంది. అంతే. తలుపేసి, ఫ్యాను ఆపి, ఆమె చేతికి కుడిదాన్ని ఇచ్చినా. రెండుసార్లు ఎగరేసింది. మూడోసారి గుడ్డ దిగేదాకా చూసి, పొయ్యి మీద పప్పుందని పోయింది.

హాస్టల్ పిల్లలు నలుగురూ కాలేజీ డేకి పేరిచ్చినారు. కమిటీలో ఒకాయన "భోగం మేళమా ఏంది, సంప్రదాయంగా కూచిపూడి వెయ్యండి" అన్నాడు. ఆ కూచిపూడిలో ఆడవేషం తరతరాలుగా మగవాళ్లే కట్టినారనీ, సత్యభామగా దేశమంతా మెచ్చుకున్నది వేదాంతం సత్యనారాయణశర్మ గారిననీ ఆయనకు చెప్పినా. పిల్లలు వేసుకునేది నిండు చేతుల జాకెట్టు, సల్వారు అని కూడా చెప్పినా. ఆలోచిస్తామన్నారు. రాతపూర్వకంగా చెప్పమని అడిగినా, ఇంకా ఇవ్వలేదు. ఇస్తే ఇక్కడే పెడతా.

లింకులు రేపు కామెంట్లలో. ముందు నడుము పాఠాలు, తర్వాతే విసనకర్రలు. ఎడమచెయ్యి మూత మాలో ఎవరికీ ఇంకా రావట్లేదు, మీలో ఎవరికైనా వస్తే చెప్పండి.